ఇంగ ఆగదమ్మణ్ణీ

మొన్న పొద్దున మార్కెట్టు నుంచి వస్తూ మేస్త్రి అంగడి ముందు ఆయన సైకిలు స్టాండు వేసి ఉండటం చూశాను. అంగడి తలుపులు మూసి ఉన్నాయి. మనసుకు ఏదో కీడు తోచింది. ఎందుకంటే ఆ సైకిలుకు స్టాండు ఉందన్న సంగతే నాకు అప్పటిదాకా తెలియదు. ఎవరింటికి వెళ్లినా ఆయన సైకిలును తుంటికి ఆనించుకునే మాట్లాడేవాడు. లోపలికి రాక తప్పనప్పుడు గోడకు వాల్చేవాడు, అదీ ముందు చక్రం వీధి వైపు తిప్పి, ఎప్పుడంటే అప్పుడు ఎక్కి పోవడానికి వీలుగా. పక్కన టీ అంగడాయన నన్ను చూసి, "తెల్లారేటప్పటికి పోయినాడమ్మా. నిద్దర్లోనే. ఇంటికాడ పెట్టుండారు, పోయి సూసిరా" అన్నాడు.

నిజం చెప్పాలంటే నాకు ముందు కోపం వచ్చింది. ఆ మనిషి తలపుకొస్తే ఎప్పుడూ ముందు కోపమే వస్తుంది. మిగతావన్నీ దాని వెనకాల నిదానంగా వస్తాయి.

తిరుపతిలో మోటార్లకు తీగ చుట్టే అంగడి ఆయనది. ఫ్యాన్లు, నీళ్ల మోటార్లు, పిండి రుబ్బే గ్రైండర్లు, పెళ్లి పందిట్లో మూగబోయిన మైకులు, అన్నీ ఆయన దగ్గరికే వచ్చేవి. పేరు ఏమిటో మా వీధిలో ఎవరూ అడిగిన పాపాన పోలేదు. మేస్త్రి అంటే ఆయనే. పొట్టి మనిషి. మోకాళ్ల పైకి ఎగగట్టిన లుంగీ, భుజం మీద ఎర్రంచు తుండుగుడ్డ, చెవి సందున కరెంటు చూసే టెస్టరు. స్నానానికి కూడా ఆ టెస్టరు తీయడని ఆయన పెళ్లామే చెప్పి నవ్వేది.

ఆయనకు రెండు గుణాలు ఉండేవి. ఒకటి, కూర్చోడు. కాఫీ నిలబడే తాగేవాడు, టిఫిను నిలబడే తినేవాడు. పెళ్లిలో పంక్తి వేస్తే వడ్డించేవాళ్లతో కలిసి తిరుగుతూ ఇంత నోట్లో వేసుకునేవాడు. "కూసో మేస్త్రీ" అంటే ఒకటే జవాబు. "ఆడ మోటారు ఇప్పదీసి వచ్చినా. పోవాల." ఎప్పుడు చూసినా ఎక్కడో ఒకచోట ఆయన విప్పదీసిన మోటారు ఒకటి ఆయన కోసం కాచుకుని ఉండేది.

రెండోది, తెలీదు అనడు. మా అమ్మ ఒకసారి పుత్తూరు బస్సు ఎప్పుడని ఊరికే అడిగింది. మోటార్ల మనిషికి బస్సుల సంగతి ఎందుకు తెలియాలి? అయినా ఒక టైము చెప్పాడు. అమ్మ ఆ టైముకే వెళ్లింది. బస్సు అంతకు చాలా ముందే వెళ్లిపోయింది. తిరిగొచ్చి అడిగితే మేస్త్రి ఆకాశం వైపు చూసి, "ఈ పొద్దు బిన్నే వచ్చేసినట్టుండాది" అన్నాడు. తప్పు బస్సుదే అయింది.

నా బతుకులోకి ఆయన సరిగ్గా దిగబడింది మాత్రం ఆరబెట్టే మిషనుతో. మా నాయన స్వర్ణముఖి ఇసకలో బట్టలు ఆరేసినవాడు. నా కాలానికి నదిలో నీళ్లు తగ్గి, ఊళ్లో లాడ్జీలు పెరిగాయి. బస్టాండు దగ్గర ఒక లాడ్జీ దుప్పట్లు, దిండు గలీబులు ఉతికిచ్చే పని నాకు దొరికింది. ఎండలున్నన్నాళ్లూ మిద్దె మీద తాళ్లు కట్టి ఆరేసేవాళ్లం. కార్తీకం వచ్చిందంటే మద్రాసు వైపు నుంచి ముసురు పట్టుకునేది. దుప్పట్లు ఆరక ముక్క వాసన వేసేవి. మా ఆయన లారీ మీద మద్రాసు పోతుండేవాడు. అక్కడ మూతపడిన ఏదో పెద్ద హోటలు సామాన్లు అమ్ముతుంటే, బట్టలు ఆరబెట్టే మిషను ఒకటి లారీలో వేసుకొచ్చాడు. మనిషెత్తు ఇనప పెట్టె. ముందు గుండ్రటి అద్దం తలుపు. లోపల పెద్ద డ్రమ్ము తిరుగుతుంటే వేడిగాలికి దుప్పట్లు ఎగిరెగిరి పడేవి. నా దగ్గర పనిచేసే మునెమ్మ దానికి కర్పూరం వెలిగించి దణ్ణం పెట్టింది. బిగించి కరెంటు ఇవ్వడానికి మేస్త్రిని పిలిచాం.

తిరుపతి దుప్పట్ల సంగతి బయటివాళ్లకు తెలియదు. జనం కొండ మీద గుండు కొట్టించుకుని, తల నిండా గంధం పూసుకుని దిగి వస్తారు. వచ్చి లాడ్జీలో అలాగే దిండు మీద తల వాలుస్తారు. ఆ గలీబులు పసుపుపచ్చగా, పిడచకట్టుకుపోయిన గంధంతో మాకు వస్తాయి. సోడాలో నానబెట్టి బాదినా కొంత నేతలోనే ఉండిపోతుంది. ఎండలో ఆరినప్పుడైతే దులిపితే రాలిపోయేది. మిషనులో ఆ దుమ్మంతా వేడిగాలితో పాటు వెనక గొట్టంలోకి పోతుంది. ఆ గొట్టాన్ని మేస్త్రి గోడకు కన్నం కొట్టి, మాకూ పక్కింటికీ మధ్య ఉన్న సందులోకి వదిలాడు. ఇరుకు సందు. మనిషి ఒద్దికగా పక్కకు తిరిగితే తప్ప పట్టడు. కింద మురుగు కాలవ.

మిషను తిప్పి, గాలి సరిగ్గా వస్తోందో లేదో చూడటానికి ఆయన సందులోకి వెళ్లాడు. వచ్చేటప్పటికి మొహం మాడ్చుకుని ఉన్నాడు.

"అమ్మణ్ణీ, గంధమంతా కాలవలో పడతాండాదే!"

"పడితే ఏం మేస్త్రీ?"

"స్వామికి తలనీలాలిచ్చి పూసుకున్న గంధం గదా. కాలవలో పడొచ్చునా? పిల్లులు తొక్కుతాయి, మనుసులు తొక్కుతారు. పాపం గదా."

నా చుట్టూ తడి దుప్పట్లు గుట్టలుగా పడి ఉన్నాయి. పాపపుణ్యాల లెక్క చూసుకునే తీరిక నాకు లేదు. ఆయన గొణుక్కుంటూ మళ్లీ సందులోకి వెళ్లి, కాసేపటికి వచ్చి, చేతులు లుంగీకి తుడుచుకుని, మిషను నెత్తి మీద తట్టాడు. "ఇంగ దీనికి డోకా లేదు" అని సైకిలెక్కి వెళ్లిపోయాడు.

కొన్నాళ్లు నిజంగానే బాగా తిరిగింది. ఆ తరవాత ఒకరోజు దుప్పట్లు సగం ఆరాయో లేదో, డ్రమ్ము టక్కున ఆగిపోయింది. మీట నొక్కితే ఉలుకూ పలుకూ లేదు. చల్లారిన తరవాత నొక్కితే మళ్లీ తిరిగింది, మళ్లీ ఆగింది. పోను పోను తిరిగే సేపు తగ్గింది, ఆగే సేపు పెరిగింది. సగం ఆరిన దుప్పటి కంటే దరిద్రం ఇంకొకటి లేదు. ఇస్త్రీకి లొంగదు, మడతకు లొంగదు, వాసన మాత్రం పడుతుంది.

మేస్త్రి వచ్చాడు. మీట నొక్కాడు. అప్పటికి చల్లారి ఉంది కాబట్టి అది బుద్ధిగా తిరిగింది. "కరెంటు సాలడం లేదు. అంతే" అన్నాడు. ఇంకోసారి బెల్టు మార్చాడు. మరోసారి మోటారు ఊడదీసి అంగడికి పట్టుకుపోయి కొత్తగా తీగ చుట్టి తెచ్చాడు. అన్నాళ్లూ దుప్పట్లను ఇంట్లో ఫ్యాను కొక్కేలకు, కిటికీ ఊచలకు, చివరికి దేవుడి పటం మేకులకు కట్టుకున్నాం. ఇంకోసారి వచ్చి, "నువ్వు జాస్తిగా దూరుస్తాండావు. దానికి ఊపిరాడొద్దా?" అని నన్నే కసిరాడు. వేడి మించితే కరెంటు కత్తిరించే బిళ్ల ఒకటి అందులో ఉంటుంది. అదే దొంగ అని తేల్చి, మద్రాసు నుంచి కొత్త బిళ్ల తెప్పించి వేశాడు. వేసిన ప్రతిసారీ ఒకటే మాట.

"ఇంగ ఆగదమ్మణ్ణీ. ఆగితే నన్నడుగు."

ఎక్కడని అడగను? ఆయన సైకిలు వీధి మలుపు తిరిగిన కాసేపటికే అది ఆగేది. మునెమ్మ నడుం మీద చెయ్యి పెట్టుకుని, "మేస్త్రి ఉన్నంతసేపూ ఎంత మర్యాదగా ఉండాదో సూడక్కా, అల్లుడి ముందర అత్త మాదిరి" అనేది. నవ్వు వచ్చేది కాదు. కొంగు నెత్తిన వేసుకుని వానలో ఆయన అంగడికి నడిచేదాన్ని. "ఆగింది మేస్త్రీ" అంటే, మొట్టమొదటిసారి వింటున్నట్టు కళ్లు పెద్దవి చేసేవాడు.

"ఆగేదానికి లేదే!"

ఆ మాటకు నాకు అరికాలి మంట నెత్తికెక్కేది. మిషను ఆగిందని నేను అబద్ధాలు ఆడుతున్నట్టు! పనీ పాటా లేక వానలో షికారుకు వచ్చినట్టు! ఊళ్లో వేరే మెకానిక్కు లేడా అంటే, ఉన్నారు. ఇద్దరిని పిలిచాను కూడా. మిషను చూసి, మేస్త్రి చెయ్యి పడిందని విని, "ఆయన సూసినాక మేమేం సూసేది?" అని వెళ్లిపోయారు.

ముక్కోటి ఏకాదశి దగ్గర పడింది. లాడ్జీ మేనేజరు గొడుగు వేసుకుని మా ఇంటికే వచ్చాడు. నెమ్మదైన మనిషి. అలాంటి వాళ్లు అరవరు, అందుకే భయం.

"ఎల్లుండి మజ్జానానికి రూములన్నిటికీ ఆరిన దుప్పట్లు పడాలమ్మా. జనం దిగతాండారు. నీ చేత కాకుంటే సెప్పేయ్, రేణిగుంట వాళ్లు సిద్దంగా ఉండారు. ఆనక నన్ను అనుకోవద్దు."

"పడతాయి సార్" అన్నాను. ఆ లాడ్జీ పోతే నాకు పని లేదు, మునెమ్మకు పని లేదు. మునెమ్మ మొగుడు మంచాన పడి అప్పటికే ఏడాది దాటింది.

ఆ ఎల్లుండి పొద్దున తుపాను వాన. మేస్త్రికి కబురు పెడితే తడుస్తూ వచ్చాడు. సైకిలు గోడకు వాల్చి లోపలికి వచ్చి మీట నొక్కాడు. తిరిగింది. "బాగుండాది గదా!" అంటూ ఆయన మిషను నెత్తిన తట్టబోయే లోపల నేను బయటికి వెళ్లి, సైకిలును లోపలికి తోసుకొచ్చి, తలుపుకు తాళం వేసి, తాళంచెవి కొంగున ముడేసుకున్నాను.

"ఏందమ్మణ్ణీ ఇది?"

"అది ఆగేదాకా నువ్వు యాడికీ పోవు మేస్త్రీ. కూసో."

"ఆడ మోటారు ఇప్పదీసి..."

"దాన్ని ఎవురూ ఎత్తుకపోరు. కూసోమంటాండాను గదా!"

మునెమ్మ ఒక తొట్టి బోర్లించి ఆయన ముందు పెట్టింది. ఆయన దాన్ని చూశాడు, తలుపును చూశాడు, నన్ను చూశాడు. మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని కొంచెం కొంచెంగా దిగి కూర్చున్నాడు. ఆయన కూర్చోవడం అదే నేను మొదటిసారి చూడటం. కూర్చుంటే ఇంకా చిన్నవాడిలా కనిపించాడు.

మిషను తిరుగుతోంది. రేకుల మీద వాన. మేస్త్రి టెస్టరు చెవి మీద నుంచి తీశాడు, మళ్లీ పెట్టాడు. మోకాలు ఆడించాడు. మునెమ్మ కాఫీ ఇస్తే రెండు చేతులతో గ్లాసు పట్టుకుని, అలవాటు లేక, కింద పెట్టాలో ఒళ్లో పెట్టుకోవాలో తెలియక అలాగే ఉన్నాడు.

"ఇన్నిసార్లు వస్తివే మేస్త్రీ," అన్నాను, "ఒక్కసారన్నా అది ఆగేదాకా ఉండి సూసినావా? ఆగేటప్పుడు సూస్తే గదా ఎందుకాగతాండాదో తెలిసేది."

ఆయన గ్లాసు అంచును బొటనవేలితో తుడిచాడు.

"ఆగేటప్పుడు నేనీడుంటే, ఎందుకాగిందో సెప్పాల గదమ్మణ్ణీ."

"సెప్పు."

"నాకు తెలీకుంటే?"

"తెలీదని సెప్పు."

"అదెట్ల సెప్పేది?" అన్నాడు. వెటకారం లేదు. ఎలా చెప్పాలో నిజంగా తెలియని గొంతు అది. "అంగడి పెట్టినకాడ్నించి ఎవురికీ ఆ మాట సెప్పలేదే. సెప్పినాననుకో, రేపట్నించి ఎవురొస్తారు?"

అంతలో మిషను టక్కున ఆగింది.

ఆయన లేచాడు. ఈసారి కరెంటు మాట ఎత్తలేదు, మీట ముట్టుకోలేదు. అద్దం తలుపు తీస్తే లోపల నుంచి వేడి మొహానికి కొట్టింది. "గాలి బయటికి పోలా. ఈడే కాగతాండాది" అన్నాడు. మిషను వెనక్కి వెళ్లి గొట్టం మీద చెయ్యి పెట్టి చురుక్కుమని తీశాడు. గొట్టం వెంబడే చెయ్యి జరుపుకుంటూ గోడ దాకా పోయాడు. గోడ దగ్గర గొట్టం చల్లగా ఉంది. అక్కడ ఆగిపోయాడు. ఆయన మొహంలో రంగు మారడం నేను చూశాను.

"తాళం తియ్యమ్మణ్ణీ."

పారిపోతాడనుకున్నాను. సైకిలు ఇక్కడే ఉంది కదా అని తాళం తీశాను. గొడుగు లేకుండా వానలోకి వెళ్లి, పక్కకు తిరిగి సందులో దూరాడు. ఎంతసేపటికీ రాకపోతే నేనూ సందు మొదట్లో నిలబడి చూశాను. గొట్టం మూతికి చుట్టిన తీగను విప్పుతున్నాడు. తీగ ఊడగానే బెల్లం అచ్చు లాంటి ముద్ద ఒకటి ఆయన చేతుల్లో పడింది. గంధం, నూలు పీచు, గుండ్ల వెంట్రుకలు కలిసి గట్టిపడిన ముద్ద. దాని అంచున ఎర్ర చార కనిపించింది. ఆయన తుండుగుడ్డ. రెండు మడతలు వేసి, ఒక్క పిసరు కూడా కాలవలో రాలకుండా, మోటారుకు తీగ చుట్టేంత ఒద్దికగా కట్టి ఉంచాడు.

"నేనే కట్టినానమ్మణ్ణీ," అన్నాడు. "గంధం తొక్కుడు పడకుండా. వారం దినాలకు ఇప్పి మారస్తామనుకున్నా. మరిసేపోయినా."

అప్పుడు నేను తిట్టిన తిట్లు ఈ జన్మలో ఎవరినీ తిట్టలేదు. బెల్టు మార్చావే, మోటారు విప్పావే, నా మీద నింద వేశావే, ఒక్కసారి ఈ సందులోకి తొంగి చూశావా అని వీధి అంతా వినపడేలా అరిచాను. ఆ తిట్లలో ఒక్కటి కూడా నేటికీ వెనక్కి తీసుకోను. ఆయన తల వంచుకుని విన్నాడు. వింటూనే, వానకు ఆ గంధం కరిగి కాలవలోకి జారకుండా ముద్దను పొట్టకు అదుముకుని దాని మీదికి వంగి నిలబడ్డాడు. అది చూసి నాకు ఇంకా ఒళ్లు మండింది.

లోపలికి వచ్చి మీట నొక్కితే మిషను తిరిగింది. తిరుగుతూనే ఉంది. అది అంత తేలిగ్గా, అంత చల్లగా తిరగడం తొలినాళ్ల తరవాత చూడలేదు. దుప్పట్లు ఫెళఫెళా ఆరి బయటికి వస్తున్నాయి. మునెమ్మా నేనూ మడతలు పెట్టే చేతులు ఆపలేదు. సగం కూడా కాకముందే లాడ్జీ వాళ్ల రిక్షా వాకిట్లో ఆగింది. తడివీ పొడివీ అన్నీ మూటకట్టి ఎత్తుకెళ్లారు. తుపాను చూసి రేణిగుంట వాళ్లకు పొద్దున్నే మాట ఇచ్చేశారట.

మిషను ఇంకా తిరుగుతూనే ఉంది, ఉత్త డ్రమ్ము. ఆపడానికి నాకు చెయ్యి రాలేదు. మునెమ్మ తన తడి చీర ఒకటి తెచ్చి అందులో వేసింది. ఊరికే.

మేస్త్రి ఎప్పుడు వెళ్లాడో చూడలేదు. సైకిలు అక్కడే ఉంది. పని ముట్లు కూడా అక్కడే ఉన్నాయి. పరువు పోయిందని పారిపోయాడు అనుకున్నాను. ఎక్కడికి పోయాడో శివరాత్రి దాటాక బజారులో ఎదురైన మేనేజరు చెబితే తెలిసింది.

"ఆ పొద్దు మీ మేస్త్రి తడిసి ముద్దయి వచ్చినాడమ్మా. కౌంటరు కాడ జనం కిటకిటలాడతాండారు. అందరి ముందరా, 'తప్పు ఆయమ్మది కాదు సార్, మిషనుది కాదు. నాకు తెలీలేదు. నాకు తెలీలేదు' అంటా ఉండాడు. ఎన్నిసార్లు అన్నాడో! అప్పటికే నేను వాళ్లకు మాటిచ్చేసినా. ఏం సేసేది?"

నాకు పని తిరిగి రాలేదు. ఒక ఆస్పత్రి దుప్పట్లు దొరికేదాకా నానా అగచాట్లు పడ్డాను. మునెమ్మ అప్పళాలు చేసే చోట చేరింది, మళ్లీ రాలేదు. అదీ ఆయన భక్తి నాకు తెచ్చిపెట్టింది. ఆయన తెలీలేదని అన్నందుకు నా కడుపు నిండలేదు. కానీ ఆ మాట అనడానికి ఆయన అన్నేళ్ల పరువును కాలవలో వదిలి వచ్చాడని నాకు తెలుసు.

ఆ తరవాత ఆయన పిలవకుండానే నెలకోసారి వచ్చేవాడు. ముందు సందులోకి వెళ్లి, గొట్టం మూతి చూసి, ఆ పైనే మిషను దగ్గరికి. గంధం రాలే చోట తనే ఒక జల్లెడ పెట్టె చేసి పెట్టాడు. పేరుకున్న పొడిని కాగితంలో పొట్లం కట్టుకుని పట్టుకుపోయి ఏ చెట్టు మొదట్లోనో పోసేవాడు. ఆస్పత్రి దుప్పట్లలో గంధం ఎక్కడిది? పీచే ఉండేది. అయినా వచ్చేవాడు. "ఇంగ ఆగదు" అన్న మాట మాత్రం మళ్లీ ఆయన నోట వినలేదు. కూర్చోమంటే కూర్చునేవాడూ కాదు.

మొన్న టీ అంగడి దగ్గర నుంచి కూరల సంచీతోనే ఆయన ఇంటికి వెళ్లాను. నా కోపం కూడా నా వెంటే వచ్చింది. వాళ్ల ఇళ్లలో పోయినవాళ్లను పడుకోబెట్టరు, కూర్చోబెట్టే సాగనంపుతారు. ఆ సంగతి నాకు తెలియదు. నడవలో జనాన్ని తప్పించుకుని లోపలికి అడుగు పెడితే, ఎదురుగా కుర్చీలో మేస్త్రి కూర్చుని ఉన్నాడు. వీపు గోడకు ఆనించి, చేతులు ఒళ్లో పెట్టి, మెడలో దండ వేసి. చెవి సందున టెస్టరు లేదు. ఆ రోజు తొట్టి మీద కూర్చున్నట్టే, అంతే చిన్నగా.

నాకు ఏడుపు ఆగలేదు. ఎక్కడికీ పోనక్కర్లేకుండా కూర్చున్న ఆయన్ని నేను చూడలేకపోయాను.

వచ్చినవాళ్లందరూ తలా ఇంత గంధం ఆయన నుదుటికి పూస్తున్నారు. ఆయన పెళ్లాం గిన్నె నా చేతికి ఇచ్చింది. పూశాను. గిన్నె ఒరిగి కొంత నేల మీద పడింది. వెనక జనం తోసుకొస్తున్నారు. ఎవరి కాలూ పడకముందే వంగి, కొంగుతో ఆ గంధాన్ని తుడిచి తీసుకున్నాను.